హైస్కూల్లో సోషల్ ఎలా చెబుతారు? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ట్యూషన్ అంటే లెక్కలకీ సైన్స్‌కే. సోషల్‌ని పరీక్షకి పది రోజుల ముందు గైడు తెరిచి బట్టీ పట్టేస్తే చాలనుకుంటారు. నిజానికి ఓటు, రేషన్, బ్యాంకు అప్పు, మైనారిటీల హక్కులు అన్నీ ఆ పుస్తకాల్లోనే ఉన్నాయి.

చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం విడివిడిగా కాకుండా ఒకే సాంఘిక శాస్త్రంగా చెప్పాలని 1952-53లో మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన సెకండరీ విద్యా కమిషన్ సూచించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీని తగ్గించి, పాఠాన్ని పిల్లల చుట్టూ ఉన్న జీవితంతో ముడిపెట్టమంది.

తెలంగాణలో 2022-23 నుంచి పదో తరగతి పేపర్లు 11 నుంచి 6కి తగ్గాయి. సోషల్‌కి అంతకుముందు రెండు పేపర్లుండేవి, ఇప్పుడు ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్సీఈఆర్టీ సిలబస్ వచ్చింది. కాబట్టి హైదరాబాద్‌లో చుట్టాలబ్బాయి వాడిన గైడు కర్నూలు పిల్లాడికి పనికిరాదు.

తెలంగాణ పుస్తకాల్లో పిల్లలకు రావాల్సిన సామర్థ్యాలు ఆరు: విషయం అర్థం కావడం, ఇచ్చిన పేరా చదివి వ్యాఖ్యానించడం, పట్టికలు, గ్రాఫుల నుంచి సమాచారం తీయడం, ఇప్పటి సమస్యల మీద ప్రశ్నించడం, మ్యాపులో గుర్తించడం, విలువల పట్ల సున్నితత్వం. బట్టీ వీటిలో మొదటిదానికే కాస్త ఉపయోగపడుతుంది. పేరా ప్రశ్నలో గైడు జవాబు దింపితే మార్కులు రావు.

మన ఇళ్లలో ఎక్కువ ఇబ్బంది భాష దగ్గరే వస్తోంది. ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఎనిమిదిలో తెలుగు లేదా ఇంగ్లిష్ మీడియానికి మారిన పిల్ల సంగతి చూడండి. జమ్హూరియత్ అంటే ఆమెకు బాగా తెలుసు, ‘ప్రజాస్వామ్యం’ అంటే తడబడుతుంది. దస్తూర్ తెలుసు, ‘రాజ్యాంగం’ కొత్త. ఖత్తె ఇస్తివా అంటే గ్లోబు మీద వేలు పెట్టి చూపిస్తుంది, ‘భూమధ్యరేఖ’ అంటే చూపించలేదు. తెలివి తక్కువై కాదు, మాట మారింది, అంతే. క్లాసులో టీచర్ దీన్ని గమనించకపోతే ఆ పిల్లకి ‘వెనకబడిన విద్యార్థి’ అని పేరు పడిపోతుంది. ఒక నోట్‌బుక్‌లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మాటలు మూడు వరసల్లో రాయిస్తే కొన్ని నెలల్లో ఆ తడబాటు పోతుంది. ఈ పని అమ్మీ, అబ్బా కూడా చేయించగలరు, దానికి డిగ్రీ అక్కర్లేదు.

టీచర్ల వైపు కూడా కష్టం ఉంది. చరిత్ర చదివిన టీచరే భూగోళం, అర్థశాస్త్రం కూడా చెప్పాలి. చాలా స్కూళ్లలో గోడ మీద మ్యాపు చిరిగిపోయి ఉంటుంది. మ్యాపు లేకుండా నదులు చెప్పడమంటే వంటింట్లోకి వెళ్లకుండా బిర్యానీ నేర్పినట్టే. గోదావరి, కృష్ణ ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తాయో ఖాళీ మ్యాపు మీద నాలుగైదు సార్లు గీస్తేనే చేతికి వస్తుంది.

మంచి టీచర్ ఊళ్లో ఉన్నదాన్నే పాఠంలోకి తెస్తారు. 1857 తిరుగుబాటు చెప్పేటప్పుడు ఢిల్లీ, మీరట్‌తో ఆగరు. అదే ఏడాది జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించారు. ఆ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయంగా మారిన ఒకప్పటి కోఠీ మహిళా కళాశాల ప్రాంగణంలో ఉంది. సిటీ బస్సులో వెళ్లి చూసి రావచ్చు.

పౌరశాస్త్రంలో మన పిల్లలు తప్పకుండా చదవాల్సినవి రాజ్యాంగంలోని 25 నుంచి 30 వరకు ఉన్న అధికరణలు. తమకంటూ వేరే భాష, లిపి, సంస్కృతి ఉన్నవాళ్లు వాటిని కాపాడుకునే హక్కు 29లో ఉంది. మతపరంగా గానీ భాషాపరంగా గానీ మైనారిటీలు విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కు 30లో ఉంది. ఉర్దూ స్కూలు మూతపడుతుందని బాధపడే ముందు ఈ రెండూ చదివి ఉంటే, ఎంఈఓ ఆఫీసుకి రాసే అర్జీలో ఏం రాయాలో తెలుస్తుంది.

ఇంటర్నల్ మార్కుల కోసం ఇచ్చే ప్రాజెక్టుని స్టేషనరీ షాపులో చార్టు కొనిచ్చి కానిచ్చేయకండి. రేషన్ షాపులో ఏమేం ఇస్తున్నారు, ఈ నెల ఇంట్లో దేనికి ఎంత ఖర్చయింది, వార్డు కార్పొరేటర్ ఎవరు, ఇలాంటివి పిల్లలే వెళ్లి అడిగి రాసుకుంటే అది పాఠంలో నిజంగా పనికొచ్చే ప్రాజెక్టు. 1988 నాటి 61వ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్లు రెండు మూడేళ్లలో ఓటర్ల లిస్టులో పేరు వెతుక్కోవాల్సినవాళ్లే.