యుద్ధవిమానము: పేరును, పీఠమును

కాళేశ్వరమున ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. అచట నొక్క పానవట్టముపై రెండు లింగములు పూజ లందుకొనుచున్నవి. 1948 వరకు ఈ క్షేత్రమును, చుట్టునున్న పల్లెలును నిజాము రాజ్యములోనివి. ఆ రాజ్యపు బొక్కసమునకు రైతు చెల్లించిన భూమిశిస్తు ముఖ్యాధారము. అట్టి రైతు బిడ్డకు తాను యుద్ధవిమానము నడుపవలెనను కోరిక పుట్టుటకు తావుండెనా యని విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

చిత్రమేమనగా, మన బిడ్డలకంటె ముందు మన రాజ్యము పేరు ఆకాశమున కెగిరినది. 1918లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకతో బ్రిటిషు వైమానికదళపు 110వ స్క్వాడ్రనుకు బాంబు విమానములు సమకూరెను. ప్రతి విమానముపైనను దాత పేరు వ్రాయబడెను. 1939లో మరల నేర్పడిన 152వ, 253వ స్క్వాడ్రనులును హైదరాబాదు పేరునే ధరించినవి. మరుసటియేడు బ్రిటను గగనయుద్ధమున మొదటిది స్పిట్‌ఫైరులతోను, రెండవది హరికేనులతోను జర్మనుల నెదిర్చెను. 152వ దళపు చిహ్నముపై నిజాము తలపాగా యుండెను. పేరు మనది, చోదకుని పీఠము మాత్రము మనది కాదు.

ఇందులకు ధైర్యలోపము కారణము కాదు. ఇంద్రలాల్ రాయ్ అను వంగ యువకుడు మొదటి మహాయుద్ధమున పది గగనవిజయములు సాధించి, 1918 జూలైలో పందొమ్మిదేండ్లకే వీరమరణ మొందెను. అయినను భారత వైమానికదళము 1932 అక్టోబరు 8వ తేదీవరకు ఏర్పడనే లేదు. ద్వారము మూసియున్నచోట కోరిక పుట్టుట యరుదు. పుట్టినను నిలుచుట కష్టము.

ద్వారము తెరచిన పిదప సంగతి వేరు. హైదరాబాదున 1923లో జన్మించిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో ఆ దళమున చేరెను. 1947లో దేశము చీలినప్పుడు పాకిస్తానునకు పోక, ఇచటనే నిలిచి, 1978లో దళాధిపతి యయ్యెను. నీ వెవరవను ప్రశ్నకు ఆయన పుట్టుకతో గాక తాను వరించిన సేవతో బదులు చెప్పెనని మా తలంపు. హైదరాబాదున చదివిన రాకేశ్ శర్మ 1971 యుద్ధమున మిగ్ విమానము నడపి, 1984లో అంతరిక్షమునకే పోయెను. 2016 జూన్ 18వ తేదీన మన దుండిగల్లులోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు తొలి యుద్ధవిమాన చోదకురాండ్రుగా అధికారపత్రము లందుకొనిరి.

ఆ పీఠమునకు అభ్యర్థులను పరీక్షించువారు కంటిచూపును, కాలి పొడవును, కూర్చున్న యెత్తును కొలుతురు, గోత్ర మడుగరు. గణితము, భౌతికశాస్త్రము వచ్చునా యని చూతురు, వంశావళి చూడరు. ఈ మాట కులసంఘమున చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కులాభిమానము విద్యాదానమైనప్పుడే సార్థకము. విమానములు కానుకగా పోయిన ఆ 1918లోనే రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి గారి పూనికతో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసి, పల్లెల తెలుగు బాలురకు చదువున కాశ్రయ మిచ్చెను. విమానములపై వ్రాసిన పేరు యుద్ధముతో చెరగినది. హాస్టలు ఫలము తరతరములకు నిలిచినది.

కావున సంఘపెద్దలకు మా మనవి యొక్కటి. 2022 నుండి పూనాకడ జాతీయ రక్షణ విద్యాలయమున బాలికలకును ప్రవేశము గలదు. గోదావరి యొడ్డున నేబిడ్డయైనను ఆకాశమును కోరినయెడల, ఆడుబిడ్డవను మాట అడ్డు పెట్టక, గణితము చెప్పించుడు. పేరు చెక్కించుటకు ధనము చాలును; పీఠమున కూర్చుండుటకు బిడ్డ కావలెను.