మరణ రైలుమార్గం: లెక్కకెక్కిన ఖైదీలు, లెక్కకెక్కని కూలీలు

ఉపోద్ఘాతం:
యుద్ధంలో చెరచిక్కినవారి పట్ల విజేత ప్రవర్తన ఎలా ఉండాలన్న ప్రశ్నకు 1929 నాటి జెనీవా ఒప్పందం చట్టరూపంలో సమాధానమిచ్చింది. జపాన్ దానిపై సంతకం చేసింది కాని ధ్రువీకరించలేదు. పైగా ఆ ఒప్పందం సైనికులకే పరిమితం. చట్టం పరిధిలోనివారు, దాని వెలుపలివారు ఒకే చోట ఎలాంటి చెరను అనుభవించారో సయాం-బర్మా రైలుమార్గ చరిత్ర తెలుపుతుంది.

నిర్మాణ నేపథ్యం:
1942లో బర్మాను ఆక్రమించిన జపాన్ సేనకు, మిత్రరాజ్యాల దాడుల వల్ల సముద్రమార్గంలో సరఫరా ప్రమాదకరమైంది. అందువల్ల సయాంలోని బాన్ పాంగ్ నుండి బర్మాలోని తన్‌బ్యుజయత్ వరకు, కొండలు, దట్టమైన అడవుల గుండా 415 కి.మీ. రైలుమార్గాన్ని తలపెట్టారు. రెండు కొసల నుండి వేసిన పట్టాలు 1943 అక్టోబరు 17న కలిశాయి. గడువును కుదించడంతో 1943 వర్షాకాలంలో పని మరింత క్రూరంగా సాగింది. 'హెల్‌ఫైర్ పాస్' వద్ద ఖైదీలు రాత్రిపూట మంటల వెలుగులో సుత్తులతో బండను తొలిచారు. అర్ధాకలి, మలేరియా, కలరా, బెరిబెరి, మానని పుండ్లు వారిని బలిగొన్నాయి. 1943 ఏప్రిల్‌లో సింగపూర్ నుండి పంపిన 7,000 మంది 'ఎఫ్ ఫోర్స్' ఖైదీలలో దాదాపు 3,100 మంది మరణించారు.

కూలీల చెర:
ఈ మార్గంలో 60,000 మందికి పైగా బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్, అమెరికన్ ఖైదీలు పనిచేశారు. ఆసియా కూలీల సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. వారిలో బర్మీయులు, జావా వాసులు, మలయులతో పాటు మలయా రబ్బరు తోటల తమిళులు, తెలుగువారు కూడా ఉన్నారు. యుద్ధంతో రబ్బరు ఎగుమతి స్తంభించి తోటలలో పనులు కరవయ్యాయి. కూలి, తిండి ఆశ చూపి కొందరిని, బలవంతంగా మరికొందరిని తరలించారు. ఖైదీలకు తమ అధికారులు, సైనిక వైద్యులు, హాజరు పట్టికలు ఉన్నాయి. నీటిని మరిగించి తాగడం వంటి నియమాలను వారు శిబిరాలలో అమలు చేసుకోగలిగారు. కూలీలకు అలాంటి వ్యవస్థ ఏదీ లేదు. కలరా సోకినప్పుడు వారి శిబిరాలు శ్మశానాలయ్యాయి.

మరణాల లెక్క:
కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం లెక్క ప్రకారం మరణించిన ఖైదీలు సుమారు 13,000 మంది. కూలీల మరణాలు 80,000 నుండి 1,00,000 వరకు ఉండవచ్చని అంచనా. ఈ రెండు అంకెల మధ్య తేడాయే ఖైదీల మొత్తం మరణాలను మించిపోవడం గమనార్హం. కాంచనబురి సమాధిక్షేత్రంలో దాదాపు 7,000 మంది ఖైదీల సమాధులున్నాయి. కూలీలలో అత్యధికులకు పేరుతో సమాధి లేదు.

ముగింపు:
యుద్ధకాలంలో పౌరుల రక్షణకు ప్రత్యేక జెనీవా ఒప్పందం 1949లో గాని రాలేదు. చట్టం రక్షించని కూలీలను దస్తావేజులు కూడా నమోదు చేయలేదు. కనుక మలయా తెలుగువారి వలస చరిత్రలో 1942-45 కాలాన్ని కేవలం అధికారిక పత్రాల ఆధారంగా నిర్మించడం చాలదు. తోటల రికార్డులనూ కుటుంబాల మౌఖిక కథనాలనూ వాటితో సరిపోల్చి చూసినప్పుడే ఆ కాలపు చరిత్ర సమగ్రమవుతుంది.