రన్‌వే దొనకొండది, ఆకాశం బేగంపేటది

మార్కాపురం నుంచి విమాన ప్రదర్శనకు బయల్దేరేవాడికి మొదట అడ్డు తగిలేది నల్లమల. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ దారి ఉంది, కానీ రాత్రి తొమ్మిదికి అటవీ శాఖ గేటు వేసేస్తుంది, ఉదయం ఆరు దాకా తీయదు. పొద్దున్నే హైదరాబాద్ బేగంపేటలో ఉండాలంటే ఎర్రగొండపాలెం, మాచర్ల, నాగార్జునసాగర్ దారే గతి. 2008లో 'ఇండియా ఏవియేషన్' పేరుతో మొదలై, ఇప్పుడు 'వింగ్స్ ఇండియా'గా రెండేళ్ళకోసారి జరిగే ఈ ప్రదర్శనను బేగంపేట పాత విమానాశ్రయంలో పెడతారు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్ తరలిపోయాక ఖాళీ పడ్డ చోటు అది. మొదటి రెండు రోజులు కోట్లలో బేరాలాడే పెద్దమనుషులవి. మనలాంటి వాళ్ళకు చివరి రోజులు.

అంత దూరం పోయి తల పైకెత్తి చూసే విమానాలకూ మన మార్కాపురం ప్రాంతానికీ ఏమిటి సంబంధం అనుకోవద్దు. చాలా ఉంది. ఆ కథ ఏ ప్రదర్శనలోనూ మైకులో చెప్పరు గనక ఇక్కడ చెప్పుకోవాలి.

రెండో ప్రపంచయుద్ధం నాటికి మార్కాపురం, కంభం, గిద్దలూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేవి. యుద్ధ నిధి పేరుతో ప్రెసిడెన్సీ అంతటా చందాలు వసూలు చేశారు. తహసీల్దారు వచ్చి అడిగిన చందా ఎంత మనస్ఫూర్తిగా ఇచ్చి ఉంటారో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. ఆ విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మూడు స్క్వాడ్రన్లకు 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అని పేరు పెట్టింది. 79, 234, 264 వాటి నంబర్లు. నల్లమల ఇవతల జొన్న పండించుకునే రైతు ఇచ్చిన అణా కూడా ఆ పేరులో ఎక్కడో కలిసిపోయింది. అటు నిజాం రాజ్యం ఈ విషయంలో ఇంకా ముందుంది. మొదటి యుద్ధంలోనే నిజాం ఇచ్చిన డబ్బుతో డీహెచ్-9ఏ బాంబర్లు కొని 110వ స్క్వాడ్రన్‌కు ఇచ్చారు, దానికి 'హైదరాబాద్' పేరు వచ్చింది. తర్వాత 152, 253 స్క్వాడ్రన్లూ హైదరాబాద్ పేరు తగిలించుకున్నాయి. 152 స్క్వాడ్రన్ చిహ్నంలో ఏకంగా నిజాం తలపాగానే పెట్టారు. నిజాం ఇచ్చిన విమానాల్లో ఒకటి జర్మన్లకు చిక్కి, బెర్లిన్‌లో ప్రదర్శనకెక్కి, అక్కడి నుంచి పోలండ్ చేరి, చివరికి 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది. మన సొమ్ముతో కొన్న విమానాన్ని చూడాలంటే ఇప్పుడు లండన్ పోవాలి.

డబ్బు సంగతి అది. ఇక నేల సంగతి. దొనకొండలో బ్రిటిష్ వాళ్ళ నాటి విమానాశ్రయం ఉంది. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే పాత మీటర్‌గేజి రైలుమార్గం మీద దొనకొండ పెద్ద స్టేషన్. లోకోషెడ్డు, రైల్వే కాలనీ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలతో కళకళలాడిన ఊరు. దానికి దగ్గరలోనే 130 ఎకరాలకు పైగా స్థలంలో రన్‌వే. ఎందుకక్కడే అంటే, ఆ రోజుల్లో విమానాశ్రయానికి కావాల్సిన సిమెంటైనా, డ్రమ్ముల్లో పెట్రోలైనా రైల్లో రావలసిందే. పైలట్‌కు కూడా రైలుపట్టా ఉపయోగమే. రేడియో సాయం అంతంతమాత్రంగా ఉన్న కాలంలో పైలట్లు పట్టాలు చూసుకుంటూ దారి పట్టుకోవడం మామూలు. దొనకొండ పట్టాలను పడమటికి పట్టుకుని పోతే మార్కాపురం రోడ్డు, కంభం చెరువు, గిద్దలూరు, ఆ తర్వాత నల్లమల గోడ. పై నుంచి చూస్తే తప్పిపోవడానికి వీల్లేని ఆనవాళ్ళు.

సముద్రానికి దూరం కావడం కూడా ఒక లాభమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది, ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని లోపలి ఊళ్ళకు తరలిపోయాయి. అట్లాంటి సమయంలో తీరానికీ కొండలకూ మధ్య ఉన్న ఒక చదును నేల సైన్యానికి అక్కరకొచ్చేదే. యుద్ధం ముగిశాక దాని అవసరమూ ముగిసింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని ఎక్కడన్న చర్చలో దొనకొండ పేరు కొన్నాళ్ళు గట్టిగా వినపడింది, భూముల ధరలు ఎగిరాయి. విమానాలు మాత్రం ఎగరలేదు.

మన ప్రాంతంలో ఆకాశం వైపు చూపు పడిన సందర్భాలన్నీ సంతోషానివి కావు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు వాయుసేన సుఖోయ్-30 యుద్ధ విమానాన్ని కూడా గాలింపుకు పంపింది. మర్నాడు పొద్దున జాడ దొరికే దాకా అడవి చుట్టూ ఉన్న ఊళ్ళు నిద్రపోలేదు. అదే సుఖోయ్ పదమూడేళ్ళ తర్వాత ఇంకో పని మీద మనవైపు వచ్చింది.

2022 డిసెంబర్ 29. అద్దంకి దగ్గర కొరిశపాడు మండలం పిచ్చికలగుడిపాడు. అదే ఏడాది ఏప్రిల్ దాకా ఈ మండలం ప్రకాశం జిల్లాలోదే, కొత్త జిల్లాలప్పుడు బాపట్లకు పోయింది. అక్కడ 16వ నంబర్ జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున ఒక ముక్కను కాంక్రీటుతో కట్టి, యుద్ధం వచ్చినా వరద వచ్చినా విమానాలు దిగేటట్టు సిద్ధం చేశారు. ఆ రోజు సుఖోయ్, తేజస్ రోడ్డు మీదికి దాదాపు తాకేటంత కిందికి వచ్చి మళ్ళీ లేచిపోయాయి. 2024 మార్చి 18న జరిగిన రెండో విడతలో ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి, మళ్ళీ ఎగిరాయి. టికెట్టు లేదు, కుర్చీలు లేవు. నా మటుకు నాకు ఆంధ్ర దేశంలో జరిగిన అసలైన విమాన ప్రదర్శనలు ఈ రెండే. ముందురోజు దాకా మిరప బస్తాల లారీలు పోయిన రోడ్డు మీద యుద్ధ విమానం నీడ పడటం కంటే వింత ఏముంటుంది? ఇందులో తేజస్ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆ విమానం రూపకల్పనకు నాయకత్వం వహించిన కోట హరినారాయణ బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 2001 జనవరి 4న బెంగళూరులో అది మొదటిసారి గాలిలోకి లేచింది.

మనకు ఇంకా దగ్గరగా, 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి లేచిన సీప్లేన్ శ్రీశైలం జలాశయంలో నీళ్ళ మీద దిగింది. దోర్నాల నుంచి ఘాట్ ఎక్కితే చాలు, ఆ చోటు చూడొచ్చు.

ఇక బేగంపేట. అక్కడ జనాన్ని లాగేది సూర్యకిరణ్ బృందం. 1996లో బీదర్‌లో పుట్టింది. మొదట కిరణ్ విమానాలతో, ఇప్పుడు ఎరుపు తెలుపు రంగుల హాక్ విమానాలతో తొమ్మిదీ కలిసి ఎగురుతాయి. ఒక రెక్కకూ ఇంకో రెక్కకూ మధ్య ఐదు మీటర్ల కన్నా తక్కువ ఎడం. దోవతి పరిచినంత జాగాలో ఇద్దరు గంటకు వందల కిలోమీటర్ల వేగంతో పరిగెత్తడం అన్నమాట. వెనక విడిచే పొగ వేడి ఇంజన్ గాలిలోకి చిమ్మిన డీజిల్. సారంగ్ బృందానివి ధ్రువ్ హెలికాప్టర్లు, అవి నెమలి బొమ్మలతో ఎదురెదురుగా దూసుకొచ్చి తప్పుకుంటాయి. పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

పెద్దవాళ్ళు మాత్రం ఎండ ఎక్కకముందే నేల మీద నిలిపిన విమానాల దగ్గరికి పోవడం మేలు. 2024 జనవరిలో ఎయిర్ ఇండియా తన మొదటి ఎ-350ని అక్కడే జనానికి చూపించింది. ఎండ మాట ఊరికే అనలేదు. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనాలో వాయుసేన ప్రదర్శనకు లక్షల్లో జనం వచ్చారు, ఎండకూ రద్దీకీ ఐదుగురు చనిపోయారు. ఆకాశంలో కూడా ప్రమాదం పక్కనే ఉంటుంది. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శన తొలిరోజునే నౌకాదళం 'సాగర్ పవన్' బృందంలోని కిరణ్ విమానం బోయిన్‌పల్లిలో ఒక ఇంటి మీద కూలింది. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు.

ప్రదర్శనల్లో పాత తరం పైలట్లు కూడా కనిపిస్తారు. హైదరాబాద్ ఇట్లాంటి వాళ్ళకు నిలయం. ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ 1923లో ఇక్కడే పుట్టారు. యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ నడిపారు. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వైపు పోయిన మిత్రులు పిలిచినా పోలేదు. 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతి. ఉద్యోగం వదిలే ముందు మిగ్-25 కూడా నడిపి చూశారు. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. తర్వాతి తరంలో కంభంపాటి నచికేత ఉన్నారు. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో మిగ్-27 ఇంజన్ ఆగిపోతే పారాచూట్‌తో దిగి పాకిస్తాన్ సైన్యానికి పట్టుబడి, జూన్ 3న విడుదలయ్యారు. ఆ గాయాల తర్వాత యుద్ధ విమానాలు వదిలి పెద్ద రవాణా విమానాలకు మారి గ్రూప్ కెప్టెన్ దాకా ఎదిగారు. ఇట్లాంటివారు ఎదురుపడితే సెల్ఫీ అడిగే ముందు ఒక ప్రశ్న అడగండి. ఫోటో అందరూ అడుగుతారు, ప్రశ్న అడిగినవాడితోనే వాళ్ళు కాసేపు నిలబడి మాట్లాడతారు.

అయితే నా ఫిర్యాదు ఒకటుంది. మైకులో పైలట్ పేరు, ర్యాంకు, ఊరు చెబుతారు. విమానం కింద చమురు మరకల చేతులతో నిలబడ్డవాళ్ళ పేర్లు అంత శ్రద్ధగా చెప్పరు. మన ప్రాంతానికి వాయుసేనతో ఉన్న అసలు బంధుత్వం వాళ్ళ ద్వారానే. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట వైపు సైన్యంలో పని చేసి వచ్చినవాళ్ళు లేని ఊరు అరుదు. వాన నమ్మకం లేని నేల, ఇంటర్ పాసైన కొడుకు, నెల నెలా వచ్చే జీతం. ఇంతకంటే కారణం అక్కర్లేదు. అందులో ఎయిర్‌ఫోర్స్‌కు పోయినవాళ్ళు ఎక్కువగా ఎయిర్‌మెన్. బెళగావి దగ్గర సాంబ్రాలో కవాతు నేర్చి, బెంగళూరు జాలహళ్ళిలోనో మద్రాసు తాంబరంలోనో పని నేర్చి, ఇంజన్ ఫిట్టరో, రేడియో ఫిట్టరో అయి పఠాన్‌కోట్‌కో జోధ్‌పూర్‌కో పోయినవాళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంటికొస్తే ఊరు 'మిలిటరీ ఆయన' అంటుంది. ఎయిర్‌ఫోర్స్ అని ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు. మాజీ సైనికుల కోటాలో బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుని మన పాస్‌బుక్కులో ముద్ర కొట్టిన ఆయన, 1963 నుంచి 2025 సెప్టెంబర్ దాకా దేశాన్ని కాచిన మిగ్-21 ఇంజన్ను విప్పి బిగించిన మనిషి అయి ఉండొచ్చు.

వీళ్ళను అడగాల్సింది 'ఎన్ని యుద్ధాలు చూశావు బాబాయ్' అని కాదు. ఫారం 700 గురించి అడగండి, కళ్ళల్లో వెలుగు వస్తుంది. ప్రతి విమానానికీ ఆ పుస్తకం ఒకటి ఉంటుంది. ఇంజన్, బాడీ, కరెంటు, ఆయుధాలు, ఎవరి పని వాళ్ళు చూసి అందులో సంతకం పెడతారు. పైలట్ అవి చదువుకుని చివర తన సంతకం పెట్టిన క్షణం నుంచి విమానం అతనిది. అంతవరకూ ఫిట్టర్లదే. తిరిగొచ్చి ఏదైనా తేడా ఉందని రాశాడంటే అర్ధరాత్రయినా అది తేల్చి మళ్ళీ సంతకం పెట్టందే ఎగరదు. రన్‌వే మీద వరసగా నడుస్తూ రాళ్ళు ఏరే పని గురించి కూడా చెప్పించుకోండి. గోళీ అంత రాయి ఇంజన్ మింగితే కోట్ల విలువైన బ్లేళ్ళు ముక్కలవుతాయి. కొరిశపాడు రోడ్డు మీద విమానం దిగే ముందు తీసిన డివైడర్లూ, ఊడ్చిన కాంక్రీటూ ఆ కోవలోవే.

విశాఖలో ఈ లోటు కొంత తీరింది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూపించే గైడ్లు మాజీ నావికులే. దానికి ఎదురుగానే టీయూ-142 విమానం. 1988లో నౌకాదళంలో చేరి, సముద్రం మీద నిఘా కాసి, 29 ఏళ్ళలో 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన విమానాల దళం అది. 2017 మార్చిలో విరమణ ఇచ్చారు, ఆ డిసెంబర్‌లో మ్యూజియం తెరిచారు. ప్రమాదం లేకుండా అన్న మాట వెనక ఎంతమంది ఫిట్టర్ల సంతకాలున్నాయో లెక్కేయండి.

దొనకొండలో అట్లాంటిది ఎందుకు ఉండకూడదన్నదే నా వాదన. విరమించిన మిగ్‌లను దేశంలో చాలా కాలేజీలకూ కూడళ్ళకూ ఇచ్చారు. ఒకటి ఆ పాత రన్‌వే పక్కన నిలిపితే, దాన్ని చూపించడానికి గైడ్లను బయటి నుంచి తేవాల్సిన పని లేదు. తొందర పడాల్సిన కారణమూ ఉంది. 2022 నుంచి ఎయిర్‌ఫోర్స్‌లో కిందిస్థాయికి పోయే కుర్రాళ్ళు అగ్నివీర్లు. నాలుగేళ్ళకు నూటికి 25 మంది వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్ళు ఇరవై అయిదేళ్ళకే ఇంటికొస్తారు. ఒకే రకం విమానంతో ఇరవై ఏళ్ళు బతికి, చప్పుడు విని జబ్బు చెప్పే పాతకాలపు ఫిట్టర్లు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళ వయసులో కంభం, గిద్దలూరు వీధుల్లోనే ఉన్నారు. వాళ్ళను కలవడానికి ఘాట్ గేటు తెరిచే దాకా ఆగనక్కర్లేదు.