దిగిన విమానానికి నేల మీద దారి చూపేదెవరు?

ఈసారి రాత్రి ప్రయాణంలో కిటికీ సీటు దొరికితే, విమానం దిగాక కిందకి చూడండి. నీలం లైట్లు ట్యాక్సీవే అంచులు. పచ్చ లైట్లు దాని మధ్య గీత. రన్‌వేలోకి వెళ్లే చోట అడ్డంగా ఎర్ర లైట్ల వరుస ఉంటే అది స్టాప్ బార్. అవి ఆరి, కంట్రోలర్ అనుమతి ఇచ్చేదాకా పైలట్ దాటకూడదు.

విమానం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

నేల మీద కదిలేవాటిని సర్ఫేస్ రాడార్ చూస్తుంది. దీనికి తోడు, విమానంలోని ట్రాన్స్‌పాండర్ పంపే సిగ్నల్ చుట్టూ ఉన్న రిసీవర్లకు కాస్త తేడాతో చేరుతుంది. ఆ తేడాను బట్టి కంప్యూటర్ విమానం ఉన్న చోటును లెక్కగడుతుంది. సింగపూర్ చాంగి, లండన్ హీత్రో లాంటి చోట్ల ఆ విమానం వెళ్లాల్సిన దారిలోని పచ్చ లైట్లే వెలుగుతాయి. పైలట్ వాటి వెంట వెళ్తే చాలు.

ఇవి లేకపోతే?

2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలాన్ లినాటే ఎయిర్‌పోర్టును దట్టమైన పొగమంచు కమ్మేసింది. ఒక చిన్న జెట్ దారి తప్పి రన్‌వే మీదకు వచ్చింది. టేకాఫ్ అవుతున్న విమానం దాన్ని ఢీకొట్టింది. 118 మంది చనిపోయారు. అప్పుడు అక్కడ గ్రౌండ్ రాడార్ పనిచేయడం లేదు. రన్‌వేలోకి ఎవరైనా వస్తే పసిగట్టే సెన్సర్లూ ఆపేసి ఉన్నాయి.

అందుకే పొగమంచు రోజున మీ విమానం రన్‌వే ముందు ఆగిపోతే విసుక్కోకండి. ముందు ఎర్ర లైట్లు ఇంకా ఆరి ఉండకపోవచ్చు.