చేనేతయు హద్దుల చట్టములును

పరిశ్రమలు పెరుగుటకు తోడ్పడుట ప్రభుత్వములకు కొత్త కాదు. పెరుగుచున్నదానిని “ఇంతవరకే” అని నిలుపుట మాత్రము స్వతంత్ర భారతమున విస్తారముగా సాగిన ప్రయోగము. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి నియంత్రణ చట్టము వచ్చిన పిదప పెద్ద కర్మాగారము స్థాపించుటకును, ఉన్నదానిని విస్తరించుటకును ప్రభుత్వ అనుజ్ఞ కావలసి వచ్చెను. సేద్యపు భూమికి గరిష్ఠ పరిమితులు ఏర్పడెను. తుదకు వార్తాపత్రిక ఏ ధరకు ఎన్ని పుటలు అచ్చువేయవలెనో చెప్పు చట్టమును 1956లో చేసిరి. దానిని 1961లో సుప్రీంకోర్టు కొట్టివేసెను.

ఇట్టి హద్దులలో తెలుగు పల్లెలలోని మగ్గపు గుంటవరకు వచ్చినది వస్త్రపరిశ్రమకు పెట్టిన హద్దు. మిల్లు పెరుగుదలను ఆపి చేమగ్గమును బ్రదికింపవలెనని దాని ఉద్దేశము. మిల్లు ఆగెను. కాని చేమగ్గమునకు దక్కవలసినదానిలో పెద్దపాలు మూడవవానికి పోయెను. ఆ మూడవవాడు చాలచోట్ల నేతకులములో పుట్టినవాడే యగుట ఈ చరిత్రలోని విచిత్రము.

చేనేతకును మిల్లుకును గల సంబంధము కేవలము శత్రుత్వము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో రాట్నపు నూలు వెనుకబడి మిల్లునూలు మగ్గము మీదికి వచ్చినప్పటినుండి, నేతగాడు మిల్లుగుడ్డతో పోటీపడుచునే మిల్లునూలుతో నేయుచు వచ్చెను. పడుగునకు, పేకకు కావలసిన చిలపలు ఎవని యొద్దనుండి రావలెనో, అంగడిలో అతనితోనే తలపడవలసిన స్థితి. నిడుబ్రోలు వాస్తవ్యుడైన ఆచార్య ఎన్. జి. రంగా 1930లో దక్షిణదేశపు చేనేత ఆర్థికస్థితిని గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథము వెలువరించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పి. జె. థామస్ అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము దేశమున సుమారు 20 లక్షల చేమగ్గములున్నవని లెక్క తేల్చినది. సేద్యము తరువాత ఇంతమందికి కూడు పెట్టు వృత్తి వేరొకటి లేదు. యుద్ధకాలపు నూలు కరవులో ఆ మగ్గములు చాలవరకు పని లేక నిలిచెను.

1950లో ప్రభుత్వము మొదటి కంచె వేసినది. వెడల్పు అంచుగల ధోవతులు, రంగునూలు లుంగీలు, తువాళ్ళు మొదలగు కొన్ని రకములను మిల్లులు నేయరాదని ఉత్తరువు చేసిరి. రెండేండ్లకే సరకు అమ్ముడుపోక నేతపల్లెలలో పేరుకొనిపోయెను. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రమున ఉండెను. ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి. ధోవతులను, చీరలను పూర్తిగా చేనేతకే విడిచిపెట్టవలెనని ఆయన కేంద్రమును గట్టిగా కోరెను. కేంద్రము అంతదూరము పోలేదు. 1952 డిసెంబరులో మిల్లులు తమ పూర్వపు ధోవతి ఉత్పత్తిలో నూటికి 60 వంతులు మాత్రమే నేయవలెనని పరిమితి విధించెను. చీరలకు అట్టి పరిమితి కలుగలేదు. చీరాల, వేటపాలెము, మంగళగిరి వంటి చోట్ల బ్రదుకు చీర మీదనే ఎక్కువగా నడచుచుండెననుట మరువరాదు.

1953లో మిల్లుగుడ్డపై గజమునకు 3 పైలు, అనగా కాలణా, అదనపు సుంకము విధించి, ఆ ధనమును ఖద్దరుకును చేనేతకును వినియోగింప చట్టము చేసిరి. పోటీదారుని చేతనే పోటీకి పెట్టుబడి పెట్టించుట అనవచ్చును. అంతకు ముందేటనే అఖిల భారత చేనేత మండలి ఏర్పడినది. సహకార సంఘములు విస్తరించెను. పండుగ దినములలో రిబేటుపై చేనేత వస్త్రములు కొనుట పట్టణవాసులకు అలవాటయ్యెను. షావుకారు నూలిచ్చి, తానే గుడ్డ తీసుకొని, మజూరీ తానే నిర్ణయించు పద్ధతి కొంతవరకైనను సడలినది ఈ కాలముననే. ఈ సుంకమును, సంఘములను తరువాతివారు తేలికగా విమర్శించిరి గాని, సంఘము లేని ఊరిలో నేతగానికి షావుకారు తప్ప వేరు దిక్కు లేకుండెను.

అయితే ప్రభుత్వము నోట ఒకే మాట లేదు. నిత్యానంద కనూంగో అధ్యక్షతను గల సంఘము 1954లో చేమగ్గములను క్రమముగా మరమగ్గములుగా మార్చవలెనని చెప్పెను. మరుసటి సంవత్సరము డి. జి. కార్వే సంఘము మిల్లుల నేత సామర్థ్యమును ఉన్నచోటనే నిలిపి, పెరుగు గిరాకిని చేతివృత్తులకు విడువవలెనని చెప్పెను. 1956లో ప్రభుత్వము రెంటిని కలిపికొనెను. మిల్లుల మగ్గములు సుమారు 2 లక్షల వద్ద ఆగవలెను. చేనేత సహకార సంఘములకు 35,000 మరమగ్గములు ఇవ్వవలెను. సంఘములకు ఉద్దేశింపబడిన ఆ మరమగ్గములలో అనుకొన్నన్ని నిలువలేదు. కాని తలుపు తెరువబడెను.

తెరచిన తలుపు వెంట వచ్చినది సంఘము కాదు, సొంతదారుడు. మిల్లుపై సుంకములు, కార్మిక చట్టములు, విస్తరణ నిషేధము ఉండెను. చిన్న మరమగ్గపు శాలకు ఇవి వర్తింపలేదు. 4 మగ్గములకు లోబడిన శాలకు ఎక్సైజు సుంకము లేదని తెలియగానే, నలుబది మగ్గములవాడు వానిని నాలుగేసి చొప్పున భార్య పేర, తమ్ముని పేర, బావమరది పేర వ్రాయించుకొనెను. కప్పు ఒకటే, యజమాని ఒకడే. కాగితమున పది శాలలు. అనుమతి లేని మరమగ్గములు వేలకువేలు పుట్టుటయు, కొంతకాలమునకు ప్రభుత్వము వానిని క్రమబద్ధము చేయుటయు, ఆ సంగతి తెలిసి మరికొన్ని పుట్టుటయు ఒక ఆనవాయితీగా మారెను. 1964లో అశోక మెహతా సంఘము ఈ రంగమును పరిశీలించెను. 1974లో శివరామన్ సంఘము ఒక మరమగ్గము ఆరు చేమగ్గముల పనిని హరించుచున్నదని లెక్క కట్టెను. 1982 జనవరిలో బొంబాయి మిల్లుకార్మికుల సమ్మె మొదలైన పిదప మిల్లుల నేత మరింతగా మరమగ్గములకు తరలిపోయెను.

ఇక్కడ తెలుగువారి కథ రెండు పాయలుగా చీలినది. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల పద్మశాలి కుటుంబములు ఎన్నో ఏండ్లుగా షోలాపురమునకును, భివండికిని వలసపోవుచుండెను. ఊరిలో నాడె విసరిన చేతులు అక్కడ మరమగ్గములు నడపినవి. కొందరు పని నేర్చి, పాతమగ్గములు కొని తిరిగివచ్చి సిరిసిల్లలో నిలిపిరి. చేనేత పట్టణమైన సిరిసిల్ల ఒక తరములో ముప్పదివేలకు పైబడిన మరమగ్గముల పట్టణమయ్యెను. చీరాలలోని చేనేతవారి దృష్టిలో మరమగ్గము గండికొట్టు వస్తువు. సిరిసిల్లవారి దృష్టిలో అది భివండి గదులనుండి ఇంటికి చేరుకొను దారి. చట్టము మగ్గములను రెండు జాతులుగా విభజింపగలిగినది గాని, మనుష్యులను అట్లు విభజింపజాలలేదు. సిరిసిల్లవారిని నిందించుట న్యాయము కాదు. చీరాలవారి ఆక్రోశము అసత్యమును కాదు.

చేనేతవారి పక్షమున ఎక్కువ కాలము పోరాడినవారిలో ప్రగడ కోటయ్య ఒకరు. రంగాగారి నిడుబ్రోలుననే 1915లో జన్మించి, చీరాలనుండి శాసనసభకును, తరువాత రాజ్యసభకును వెళ్ళిరి. అటువంటివారి దీర్ఘకాలపు ఒత్తిడి ఫలితముగా 1985లో పార్లమెంటు చేనేత వస్తువుల రిజర్వేషను చట్టమును చేసెను. 1986లో 22 రకములను చేమగ్గమునకే కేటాయించి ప్రకటన వెలువడినది. అదే 1985లో వచ్చిన కొత్త వస్త్రవిధానము మిల్లుల మీది పాతహద్దును సడలించెను. ఒక చేత కంచె కట్టి, ఒక చేత గేటు తీసిన చందము.

చట్టము అమలునకు రాకముందే మరమగ్గముల యజమానులును మిల్లులును న్యాయస్థానములకెక్కిరి. ఏడేండ్లు స్టేలతో గడచెను. 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. చేనేతవారు గెలిచిరి. గెలిచిన మూడేండ్లకు, 1996లో, 22 రకములను 11కు తగ్గించిరి. చీర, ధోవతి, తువాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా మొదలగునవి మిగిలెను.

స్టేలు నడచుచున్న కాలముననే, 1991లో, నూలు ధర ఒక్కసారిగా పెరిగి ప్రకాశము, గుంటూరు జిల్లాల నేతపల్లెలలో ఆకలిచావులు, ఆత్మహత్యలు సంభవించెను. మజూరీ పెరుగలేదు, గుడ్డ ధర పెరుగలేదు. చిలప ధర మాత్రము పెరిగెను. హద్దులన్నియు గుడ్డ చుట్టు గీయబడినవనియు, నేతగాని కష్టము నూలునుండి మొదలగుననియు ఆ ఏట నిర్దాక్షిణ్యముగా తేలినది. నూలును గూర్చి నియమము లేకపోలేదు. అమ్మకపు నూలులో సగము చిలపలుగా కట్టవలెనని నూలుమిల్లులపై 1974 నుండి ఒక విధి ఉండెను. చిలపనూలుకు సుంకపు రాయితీ యుండుటచేత అది దారిమళ్ళి మరమగ్గములకు చేరుచుండెను. ఎవనికొఱకు రాయితీ ఏర్పడెనో వానికి చిలప దొరకదు. దొరికినను ధర తక్కువ కాదు. ఆ విధిని 2003లో నూటికి 40 వంతులకును, 2019లో 30 వంతులకును తగ్గించిరి.

1950–51లో దేశపు వస్త్రములో దాదాపు అయిదింట నాలుగు వంతులు మిల్లులే నేసెను. ఇరువదియొకటవ శతాబ్ది తొలి దశాబ్దమునకు మిల్లుల వంతు నూటికి 5కు లోబడిపోయెను. మరమగ్గముల వంతు 60 ప్రాంతమునకు చేరెను. మిల్లును ఆపుటలో ప్రభుత్వము అనుకొన్నదానికంటె ఎక్కువగానే కృతకృత్యమయ్యెనని ఒప్పుకొనవలెను. అయినను కంచె వ్యర్థమనుట తొందరపాటు. అది లేకున్న ఈపాటి చేమగ్గములైనను మిగిలియుండునని చెప్పుట కష్టము.

1952లో పుట్టి పలుమారులు రూపు మారిన చేనేత మండలిని కేంద్రము 2020 జూలైలో రద్దు చేసెను. 1985 చట్టము మాత్రము 11 రకములతో నిలిచియున్నది. 2019–20 గణన ప్రకారము నేతవారును అనుబంధ పనివారును కలిసి 35 లక్షలకు పైగా కలరు. అందులో స్త్రీలే నూటికి 72 మంది: ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, మగ్గము నేయువారు. ఆ కుటుంబములలో మూడింట రెండు వంతులకు నెల ఆదాయము 5,000 రూపాయలకు లోపు.