యానామునుండి రెయూనియన్ దీవికి: ఒప్పందపు కూలీలు, స్థిరనివాసపు హక్కు

గౌతమీ తీరమున నున్న యానాము విస్తీర్ణమున మిక్కిలి చిన్నది. అయినను తెలుగువారి వలసల చరిత్రలో దానికొక ప్రత్యేక స్థానము కలదు. ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యీ రేవునుండి 1828వ సంవత్సరమున పదునైదుగురు తెలుగు కూలీలు హిందూ మహాసముద్రములోని బూర్బోన్ దీవికి తరలిపోయిరి. ఆ దీవికే 1848 నుండి రెయూనియన్ అను పేరు స్థిరపడినది. 1830 నాటికి ఇట్లు పోయినవారి సంఖ్య సుమారు మూడు వేలకు చేరెను. వారిలో అధికులు తెలుగువారే. ఫ్రెంచి పత్రములు వీరిని 'తెలింగలు' అని పేర్కొన్నవి.

చెరకు తోటలలో పనికై పోయిన కూలీ, ఒప్పందపు గడువు తీరిన పిదప ఆ పల్లెపట్టుననే నిలిచిపోవచ్చునా? నిలిచినచో ఏ హక్కుతో నిలుచును? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు అరువది యేండ్లు పట్టినది.

తొలి వలస నాటికి దీవిలో బానిసత్వము చట్టసమ్మతమై యుండెను. ఒప్పందపు కూలీ పేరునకు స్వతంత్రుడు. కాని బానిసలచే పనిచేయించుకొనుటకు అలవాటుపడిన తోట యజమానులకు ఈ భేదము పట్టలేదు. తగవులు పెరిగి, తొలి ప్రయత్నము కొలది యేండ్లలోనే నిలిచిపోయినది.

1848 డిసెంబరు 20వ తేదీన దీవిలో బానిసత్వము రద్దయ్యెను. తోటలకు మరల పనివారు కావలసివచ్చిరి. ఫ్రెంచివారు తమ రేవులనుండి కూలీలను పంపసాగిరి. కాని ఆ రేవులు చిన్నవి. వాని జనసంఖ్య స్వల్పము. ఓడ లెక్కువారిలో పెక్కుమంది చుట్టునున్న ఆంగ్ల సీమలవారు. యానామువాడు ఫ్రెంచి ప్రజ. కూతవేటు దూరమున నున్న కోరంగివాడు ఆంగ్ల ప్రజ. ఇరువురి భాష యొకటే, బంధుత్వము లొకటే. దీవిలో దిగగానే ఒకడు ఆ ప్రభుత్వపు ప్రజ, వేరొకడు పరదేశి! తమ ప్రజలను ఇట్లు గొనిపోవుటకు ఆంగ్ల ప్రభుత్వము అభ్యంతరము చెప్పగా, రెండు ప్రభుత్వముల నడుమ 1860లో రెయూనియన్‌కు మాత్రమే చెందినదియు, 1861 జూలై 1వ తేదీన రెయూనియన్‌తోపాటు ఇతర ఫ్రెంచి వలసరాజ్యములకును వర్తించునదియు ఒడంబడికలు జరిగెను.

1861 నాటి ఒడంబడిక ప్రకారము ఒప్పందపు గడువు అయిదేండ్లకు మించరాదు. వారమునకు ఆరు దినములకన్నను, దినమునకు తొమ్మిదిన్నర గంటలకన్నను హెచ్చుగా పని చేయింపరాదు. గడువు తీరిన కూలీని ఫ్రెంచి ప్రభుత్వము తన ఖర్చుతో స్వదేశమునకు చేర్చవలెను. భార్యకును, పదేండ్లలోపు వయస్సున స్వదేశము విడిచిన బిడ్డలకును, దీవిలో పుట్టినవారికిని ఈ హక్కు కలదు.

స్థిరనివాసమును గూర్చిన నిబంధన దీని వెంటనే యున్నది. సత్ప్రవర్తనమును, జీవనాధారమును రుజువు చేసికొన్న కూలీని ఏ ఒప్పందమును లేకయే దీవిలో నివసింపనీయవచ్చును. కాని ఆ క్షణముననే ఉచిత ప్రయాణపు హక్కును అతడు కోల్పోవును. మరల ఒప్పందమునకు సమ్మతించినచో బహుమానపు సొమ్ము లభించును. తిరుగు ప్రయాణపు హక్కు రెండవ గడువు తీరువరకు నిలుచును.

అనగా కూలీ యెదుట రెండు త్రోవలు ఉండెను. ఇంటి ఆశ నిలుపుకొనవలెనన్న మరల తోటకు కట్టుబడవలెను. స్వతంత్రుడై నిలువవలెనన్న ఇంటి ఆశ వదలుకొనవలెను. అయిదేండ్ల కూలితో ఓడ ఛార్జి తాను కూడబెట్టుకొనగల వారెందరు? అందుచే స్థిరనివాసపు పత్రము హక్కుతోపాటు ఎడబాటును కూడ ప్రసాదించినది. ఏ పత్రమును లేక తిరుగువానిని దేశదిమ్మరిగా నెంచి శిక్షించు నియమములు ఉండుటచే, గడువు తీరినవారిలో పలువురు మరల ఒప్పందమునకే వ్రేలిముద్ర వేసిరని గ్రహించుట కష్టము కాదు.

నిబంధనలు కాగితముమీద ఒక తీరున, తోటలలో వేరొక తీరున నడచుచున్నవని ఫిర్యాదులు రాగా, 1877లో ఆంగ్లేయుల పక్షమున గోల్డ్‌స్మిడ్, ఫ్రెంచివారి పక్షమున మియో విచారణ జరిపిరి. పరిస్థితులు చక్కబడలేదను కారణమున 1882లో ఆంగ్ల ప్రభుత్వము రెయూనియన్‌కు కూలీల నంపుట నిలిపివేసెను. అప్పటికి భారతదేశమునుండి ఆ దీవికి పోయినవారు లక్షకు పైబడిరి.

తండ్రికి షరతులతో లభించిన నివాసము, కుమారునికి జన్మభూమి మూలముగ హక్కయ్యెను. 1889 జూన్ 26వ తేదీనాటి ఫ్రెంచి జాతీయతా శాసనము రెయూనియన్‌కును వర్తించినది. పరదేశికి అచట పుట్టి, యుక్తవయస్సు నాటికి అచటనే నివసించువాడు ఫ్రెంచి పౌరుడగును. తల్లిదండ్రులలో ఒకరు కూడ అచటనే పుట్టియున్నచో జన్మముతోనే పౌరుడు.

హక్కు నిలిచినది, పేరు మాత్రము నిలువలేదు. తెలుగువాడు, తమిళుడు అను భేదము లేక దక్షిణాది కూలీల సంతతికెల్ల దీవిలో 'మలబారులు' అను పేరు వాడుకయైనది. వీరు తోటల చెంత గుళ్లు కట్టుకొనిరి, అగ్నిగుండము త్రొక్కిరి. కాని సంఖ్యాధిక్యముచే గుడిలో తమిళము, ఇంట క్రియోలు భాష నిలువగా, మొదట పోయిన తెలింగల పలుకు వానిలో కలిసిపోయినది.

యానామువారికే తుదకు ఇట్టి యెంపిక ఎదురయ్యెను. 1956 నాటి సంధి 1962 ఆగస్టు 16వ తేదీన అమలులోనికి రాగా, అచట పుట్టి అచటనే నివసించువారు భారత పౌరులైరి. ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనగోరువారికి ఆరు మాసముల గడువు ఈయబడెను. ఒక వ్రాతపూర్వకమైన ప్రకటన చాలెను. నూరేండ్ల క్రిందట ఈ ప్రాంతపు కూలీ నివాసపు హక్కు కొరకు చెల్లించిన మూల్యము స్వగ్రామము. ఆ మూల్యము చెల్లించినవారి పేళ్లు చాలవరకు మరుగైనను, వారు బయలుదేరిన రేవు నేటికిని తెలుగు పల్కుచునే యున్నది.