జైల్లో రాసిన పుస్తకం, కోకా సుబ్బారావు గారి తీర్పు



కోకా సుబ్బారావు గారు అంటే మనవాళ్ళు వెంటనే గోలక్‌నాథ్ కేసు చెప్తారు. రాజమండ్రి ఆయన, మన మద్రాసు హైకోర్టులో కూడా జడ్జిగా కూర్చున్నారు. నాకు మాత్రం ఆయన 1965లో రాసిన ఒక చిన్న తీర్పు ఎక్కువ ఇష్టం.

1962లో చైనా యుద్ధమప్పుడు భారత రక్షణ నిబంధనల కింద చాలామందిని విచారణ లేకుండానే లోపల వేశారు. అలా బొంబాయి జైల్లో పడిన ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి గారు అక్కడే మరాఠీలో ఒక సైన్సు పుస్తకం రాశారు. అణువు లోపల ఏముందో చెప్పే పుస్తకం. ఆ కాగితాలు అచ్చు కోసం భార్యకు పంపిస్తానంటే మహారాష్ట్ర ప్రభుత్వం కుదరదంది. ఆయన బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. పుస్తకంలో సైన్సు తప్ప దేశ రక్షణకు ముప్పు తెచ్చేది ఏమీ లేదని చూసి, పంపించమని కోర్టు చెప్పింది. ప్రభుత్వం ఊరుకుందా? సుప్రీంకోర్టుకు పోయింది.

అక్కడ ప్రభుత్వం వాదన ఏమంటే, నిర్బంధంలో ఉన్నవాడికి రూల్సులో రాసిన సౌకర్యాలే ఉంటాయి, పుస్తకం బయటికి పంపొచ్చని ఎక్కడా రాయలేదు. నలభై ఏళ్ళ దగ్గర ఫైళ్ళు తిప్పినవాడిని, ఈ మాట నాకు బాగా తెలుసు. సర్క్యులర్‌లో లేదు, కాబట్టి లేదు!

సుబ్బారావు గారు ఆ వాదనను తలకిందులు చేశారు. అలా అయితే అన్నం పెట్టాలని రూల్ లేకపోతే ఖైదీని ఆకలితో చంపొచ్చా అన్నారు. రాయకూడదని, పంపకూడదని రూల్ ఉంటే ప్రభుత్వం చూపించాలి. రూల్ లేకుండా ఆపితే అది అతని స్వేచ్ఛను తీసేయడమే. ఎమర్జెన్సీ ఉంది, కోర్టుకే రాకూడదు అన్న వాదన కూడా నిలవలేదు. ఆ చట్టం ప్రకారం చేసిన పనికే ఆ రక్షణ, చట్టంలో లేని పనికి కాదు అన్నారు. ప్రభుత్వం అప్పీలు కొట్టేశారు.

సంజ్‌గిరి గారు శిక్ష పడిన ఖైదీ కాదు. శిక్ష పడినవాళ్ళ సంగతి 1974లో వచ్చింది, అదీ మన విశాఖపట్నం సెంట్రల్ జైలు నుంచి, భువన్ మోహన్ పట్నాయక్ కేసులో. శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు అప్పుడు చెప్పింది. దాని గురించి ఇంకోసారి రాస్తాను.